మూలభాషా, మన వాడా: కొల్లేటి ఒడ్డున బైబిల్ చదువు

కొల్లేటి ఒడ్డున ఏ మాలపేటకైనా, ఏ మాదిగపేటకైనా పొద్దున్నే వెళ్లి నిలబడండి. హెబ్రీ భాష వినపడుతుంది. "ఒరేయ్ దానియేలూ, బడికి టైమైపోతోందిరా." "ఏమే రూతమ్మా, కుళాయి వచ్చిందా?" "యోహాను లేడా వదినా, చేపల పట్టుబడికి పోయాడా?" ఈ పేర్లన్నీ హెబ్రీ నుంచి వచ్చినవే. యోహాను అంటే దేవుడు దయ చూపాడని అర్థం. దావీదు అంటే ప్రియమైనవాడు. దానియేలు అంటే దేవుడే నా న్యాయాధిపతి. ఆ దానియేలే ఊళ్లో ఆసామి గడపలోకి వెళితే "ఒరేయ్ దానియేలుగా" అవుతాడు. తనకి న్యాయాధిపతి ఎవరో తన పేరులోనే రాసుందని ఆసామికీ తెలీదు, దానియేలుకీ తెలీదు.

నూటయాభై ఏళ్లకి పైగా బైబిల్ మన చేతుల్లో ఉంది. ఏలూరు, తాడేపల్లిగూడెం, భీమడోలు, కైకలూరు, ఆకివీడు చుట్టూ వాడవాడకీ గుడి ఉంది. ఆదివారం ప్రసంగంలో "గ్రీకులో ఈ మాటకి అర్థం ఏమిటంటే" అని పాస్టర్‌గారు చెబుతుంటే తల ఊపుతాం. ఆ గ్రీకు ఆయనకెలా వచ్చింది, మనకెందుకు రాలేదు అని మాత్రం అడగం. బైబిల్ మనకిచ్చారు, బైబిల్ భాషలు ఇవ్వలేదు. ఇది యాదృచ్ఛికంగా జరగలేదు, దానికో చరిత్ర ఉంది. ఆ చరిత్ర కులచరిత్రతో కలిసే నడిచింది.

పుస్తకం ఎవరి చేతిమీదుగా వచ్చింది?

బైబిల్‌ని తెలుగు చేసే పని మన వాడల్లో మొదలవలేదు. 18వ శతాబ్దం మొదటి భాగంలో హాలె నుంచి వచ్చిన బెంజమిన్ షుల్జ్ మద్రాసులో కూర్చుని తెలుగు నేర్చుకుని అనువాదం చేశాడు. అది అచ్చు కాలేదు. 1805లో లండన్ మిషన్ వాళ్లు జార్జి క్రాన్, అగస్టస్ దే గ్రాంజ్ విశాఖపట్నం చేరారు. వాళ్లకి తోడు నిలిచిన పండితుడు క్రైస్తవం తీసుకున్న బ్రాహ్మణుడు ఆనందరాయరు. ఆ ఇద్దరు మిషనరీలూ 1809, 1810లలో చనిపోయారు. వాళ్లు మొదలుపెట్టిన సువార్తలు 1812లో సీరాంపూర్‌లో అచ్చయ్యాయి. ఎడ్వర్డ్ ప్రిచెట్ కొత్త నిబంధన 1818లో మద్రాసులో వచ్చింది. పూర్తి తెలుగు బైబిల్ 1854 నాటికి గానీ రాలేదు. ఆ తర్వాత కూడా విశాఖలో జాన్ హే లాంటివాళ్లు ఏళ్లతరబడి దాన్ని సవరించారు.

ఇక్కడ గమనించాల్సిందొకటుంది. మిషనరీకి గ్రీకు, హెబ్రీ వచ్చు గానీ తెలుగు అరువుది. పండితుడికి తెలుగు, సంస్కృతం వచ్చు గానీ గ్రీకు, హెబ్రీ రావు. ఈ ఇద్దరి మధ్యే తెలుగు బైబిల్ తయారైంది. యజ్ఞం నుంచి యాజకుడు వచ్చాడు. ఇశ్రాయేలు తెగలు గోత్రాలయ్యాయి. మాల, మాదిగ ఇళ్లలో మాట్లాడే తెలుగుకి ఆ గదిలో కుర్చీ లేదు. మనం ఆ పుస్తకాన్ని చదవడం మొదలుపెట్టేసరికే దాని భాష స్థిరపడిపోయింది.

డెల్టాలో రెండు దారులు

మన ప్రాంతానికి క్రైస్తవం రెండు దారుల్లో వచ్చింది. ఒకటి నరసాపురం దారి. 1836లో ఇంగ్లాండు నుంచి వచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్ నరసాపురం, పాలకొల్లు వైపు గోదావరి డెల్టా మిషన్ పెట్టారు. వీళ్లు బ్రదరెన్ వాళ్లు. అభిషేకం పొందిన పాదిరీ ఉండాలన్న పట్టింపు వీళ్లకి లేదు. బైబిల్ చదవగలిగిన ప్రతివాడూ చెప్పొచ్చు. రెండోది బందరు దారి. 1841లో సి.ఎం.ఎస్. మిషనరీలు రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ మచిలీపట్నం వచ్చారు. 1843లో నోబుల్ బడి పెట్టాడు. 1854లో ఏలూరు సి.ఎం.ఎస్. కేంద్రమైంది. ఇక్కడ బిషప్పు, పాదిరీ, ఉపదేశి అని మెట్లున్నాయి.

నోబుల్ బడి గురించి మన పాఠ్యపుస్తకాలు గొప్పగా చెబుతాయి. ఆ బడిలో మాల, మాదిగ పిల్లలకి ప్రవేశం లేదన్న సంగతి మాత్రం చెప్పవు. పైకులాల పిల్లలు పోతారన్నది మిషనరీ భయం. పైవాడు మారితే కిందివాడు తనంతట తనే మారతాడన్నది వాళ్ల లెక్క. 1852లో ఆ బడి నుంచి బాప్తిస్మం తీసుకున్న మొదటి ఇద్దరు మంచాల రత్నం, ఐనాల భూషణం. ఒకరు బ్రాహ్మణ, ఒకరు వెలమ. తర్వాత ఇద్దరూ పాదిరీలయ్యారు. ఇంగ్లీషు చదువు, ఆ చదువు వెంట వేదాంతం, అధికారం మొదట అటు వెళ్లాయి.

లెక్క తప్పింది. 1859లో కృష్ణా ప్రాంతంలోని రాఘవాపురానికి చెందిన మాల పెద్ద పగోలు వెంకయ్య డార్లింగ్ అనే సి.ఎం.ఎస్. మిషనరీ చేతిమీద బాప్తిస్మం తీసుకున్నాడు. ఆయన వెంట ఆయన జనం కదిలారు. కింది నుంచి పైకి కదిలిన ఉద్యమం అది. 1866లో ఒంగోలు వైపు మాదిగ యర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మం తీసుకున్నాడు. 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారని బాప్టిస్టుల చరిత్ర చెబుతుంది. మిషనరీలు తలుపు తెరిచారు నిజమే. ఆ తలుపుని ముందుగా తట్టింది మాత్రం మన తాతలే.

అప్పటి డెల్టాని కూడా గుర్తుచేసుకోవాలి. 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. ఆ వెంటనే బెజవాడ ఆనకట్ట వచ్చింది. ఏలూరు కాలవ గోదావరినీ కృష్ణనీ కలిపింది. నీళ్లొచ్చిన భూమి ఎవరిదో డబ్బూ వాళ్లదే అయింది. మాలమాదిగలు ఆ భూముల్లో పాలేర్లుగా, కూలీలుగా మిగిలారు. కాలవ మన చేను పక్కనుంచి పోయింది, మనకి చేనే లేదు. వానాకాలం బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు కలిసి కొల్లేటిని పొంగిస్తే ముందు మునిగేది పల్లంలో ఉన్న గుడిసెలే. అలాంటి కాలంలో వాడలోకి ఒక పలకా, ఒక పుస్తకం, ఒక పంతులు వచ్చారు. దాన్ని చిన్నచూపు చూడటం అన్యాయం. బియ్యం కోసం మారారని ఎగతాళి చేసేవాళ్లు ఒక్కటి జవాబు చెప్పాలి: అంతకుముందు వెయ్యేళ్లలో ఆ వాడలోకి అక్షరం తీసుకొచ్చింది ఎవరు?

ఉపదేశి ఎంతవరకు చదవొచ్చు?

పంతులుగారు పగలు పిల్లలకి అ ఆలు చెప్పేవాడు. రాత్రి లాంతరు దగ్గర పెద్దలకి కీర్తనలు, విశ్వాస ప్రమాణం, పది ఆజ్ఞలు నేర్పేవాడు. చదవటం రాని అమ్మమ్మలు కీర్తనల్లోనే బైబిల్ మొత్తాన్ని దాచుకున్నారు. బైబిల్ స్త్రీలు ఇల్లిల్లూ తిరిగి కథలు చెప్పారు. ఈ జ్ఞానానికి సర్టిఫికెట్ లేదు. అయినా ఇదీ వేదాంతమే.

ఉపదేశి చదువుకి ఒక గీత ఉండేది. పల్లెకి సరిపడా చదువు చాలు, ఇంకా చదివితే పల్లెలో ఉండడు అన్నది మిషన్ల సాధారణ ఆలోచన. 1912లో దోర్నకల్ బిషప్పు అయిన వి.ఎస్. అజరయ్య ఇందులో కొంత మార్పు తెచ్చాడు. ఆంగ్లికన్ సంఘంలో ఆయన మొదటి భారతీయ బిషప్పు. తర్వాత కృష్ణా, గోదావరి ప్రాంతపు సి.ఎం.ఎస్. సంఘాలు కూడా దోర్నకల్ కిందికి వచ్చాయి. పల్లె పాదిరీని తెలుగులోనే తయారు చెయ్యాలని, అతని భార్యకి కూడా చదువు చెప్పాలని ఆయన పట్టుబట్టాడు. మాలమాదిగల ఇళ్ల నుంచి పాదిరీలు పెద్ద సంఖ్యలో వచ్చారు. ఇది చిన్న విషయం కాదు. అంటరానివాడు రొట్టె విరిచి చేతిలో పెడితే తీసుకోవాల్సిన రోజు వచ్చింది.

1947 సెప్టెంబర్ 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది, కృష్ణా గోదావరి డయోసిస్ దాని భాగమైంది. 1964లో రాజమండ్రిలో అనేక మిషన్ల వేదాంత పాఠశాలలు కలిసి ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల అయ్యాయి. 1970లలో అది హైదరాబాద్ చేరింది. క్యాథలిక్కులకి 1976లో ఏలూరు డయోసిస్ వచ్చింది. చదువు పెరిగింది. మూలభాషల దగ్గర మాత్రం ఇంకో గోడ మిగిలింది, ఇంగ్లీషు గోడ.

సీరాంపూర్ సెనెట్ కింద బి.టిహెచ్. తెలుగులో రాయొచ్చు. బి.డి. ఇంగ్లీషులో. గ్రీకు, హెబ్రీ లోతుగా చదవాలంటే పుస్తకాలన్నీ ఇంగ్లీషువే. వీంగ్రీన్ హెబ్రీ వ్యాకరణం 1939 నాటిది, వెన్‌హమ్ గ్రీకు పాఠాలు 1965 నాటివి. తాడేపల్లిగూడెం పక్క పల్లె నుంచి తెలుగు మీడియంలో చదివి వచ్చిన కుర్రవాడు గ్రీకు నేర్చుకోవాలంటే ముందు ఇంగ్లీషు నేర్చుకోవాలి. "డేటివ్", "జెనిటివ్" అంటే బెదిరిపోతాడు. అదే "కొరకు, యొక్క" అని విభక్తులతో చెబితే అరగంటలో పట్టుకుంటాడు. విభక్తుల భాషలో పుట్టినవాడికి విభక్తుల భాష నేర్పడానికి విభక్తులు దాదాపు పోగొట్టుకున్న ఇంగ్లీషుని మధ్యవర్తిగా పెట్టాం. ఆ కుర్రవాడు తప్పితే "మనవాళ్లకి భాషలు రావు" అన్నారు. మనవాళ్లూ నమ్మారు.

ధర్మశాస్త్రమనే మాట

మూలభాష తెలిస్తే ఏమొస్తుంది? ప్రసంగంలో గొప్ప చెప్పుకోవడానికా? కాదు. అనువాదంలో చేరిన కులాన్ని వేరు చేసి చూడటానికి పనికొస్తుంది. నాలుగు ఉదాహరణలు చూద్దాం.

ఒకటి. తెలుగు బైబిల్లో మోషే ఇచ్చినదాన్ని "ధర్మశాస్త్రము" అన్నారు. హెబ్రీలో అది తోరా. తోరా అంటే బోధ, దారి చూపడం. తెలుగులో ధర్మశాస్త్రమంటే మనకి గుర్తొచ్చేది మనువు. 1927 డిసెంబర్ 25న మహాడ్‌లో అంబేద్కర్ ఆధ్వర్యంలో తగలబెట్టింది అలాంటి శాస్త్రాన్నే. ఒకే మాట రెండింటికీ వాడేసరికి, మన ప్రసంగాల్లో మోషే మనువయ్యాడు, పరిసయ్యులు అగ్రహారికులయ్యారు, యేసు వచ్చి ఆ శాస్త్రాన్ని కొట్టేశాడనే కథ తయారైంది. తోరా తెరిచి చూస్తే సంగతి వేరు. అది బానిసత్వం నుంచి పారిపోయిన జనం కథతో నిలబడింది. చేను కోసేటప్పుడు అంచులు వదిలెయ్యాలి, పరిగె పేదవాడిది అంటుంది. లేవీయకాండం 25వ అధ్యాయం యాభై ఏళ్లకోసారి పోయిన భూమి తిరిగి రావాలంటుంది. ఆ విడుదలకి హెబ్రీ మాట "దెరోర్". అప్పులు రద్దు చేస్తూ బాబిలోను ప్రాంతపు రాజులు వేసిన చాటింపుల మాటకి ఇది చుట్టం. భూమి లేనివాడికి అడగవలసిన పాఠం ఇది. మనువు పేరు పెట్టి ఆ పాఠాన్ని మనకి దూరం చేశారు. పైగా ఎక్కడో దెబ్బలు తిన్న యూదుల్ని మన ఊరి పెత్తందార్లుగా ఊహించుకోవడం నేర్పారు. ఇది మనం సరిదిద్దుకోవాల్సిన తప్పు.

అలాగని తోరా అంతా విముక్తి అనలేం. అదే 25వ అధ్యాయం పరాయి జాతివాళ్లని శాశ్వత బానిసలుగా ఉంచుకోవచ్చని కూడా అంటుంది. మూలభాష చదివేది మనకి నచ్చింది వెతకడానికి కాదు, ఉన్నది చూడటానికి.

రెండు. "వాడు", "ఆయన". గ్రీకులో "అవుతోస్" అనే సర్వనామం ఒక్కటే. రాజుకీ అదే, బిచ్చగాడికీ అదే, యేసుకీ అదే. తెలుగులోకి వచ్చేసరికి యేసు "ఆయన" అయ్యాడు, అధికారి "అతడు" అయ్యాడు, గుడ్డివాడు, కుష్ఠరోగి, దాసుడు "వాడు" అయ్యారు. మార్కు 10వ అధ్యాయంలో దారిపక్క అరిచిన బర్తిమయి "వాడు". ఈ తేడా గ్రీకు నుంచి రాలేదు. మన ఊరి అరుగు మీద నుంచి వచ్చింది. ఎవరిని ఏమని పిలవాలో అరుగు నిర్ణయించింది, అనువాదం రాసుకుంది. పుట్టినప్పటినుంచీ "ఏరా" అనిపించుకున్నవాడు దేవుని వాక్యంలో కూడా "వాడు"గానే మిగిలాడు.

మూడు. అపొస్తలుల కార్యాలు 9వ అధ్యాయం చివర పేతురు యొప్పేలో చాలా రోజులు ఎవరింట్లో ఉన్నాడు? సీమోను ఇంట్లో. గ్రీకులో "బుర్సెయుస్", తోళ్లు ఊనేవాడు. తెలుగులో "చర్మకారుడు" అన్నారు. గౌరవంగా వినపడుతుంది, కానీ ఆ మాట వాడలో ఎవరూ అనరు. క్రీస్తుశకం 200 ప్రాంతంలో కూర్చిన యూదుల మిష్నా, తోళ్లు ఊనే చోటు ఊరికి యాభై మూరలు దూరంగా ఉండాలంటుంది. ఆ పనివాడి భార్య వాసన భరించలేక విడాకులు అడగవచ్చనీ అంటుంది. సీమోను ఇల్లు సముద్రపు ఒడ్డున ఉంది. లంద ఎక్కడ ఉంటుందో, ఎందుకు ఊరవతల ఉంటుందో మాదిగపేటలో పుట్టినవాడికి వ్యాఖ్యానం అక్కర్లేదు.

అక్కడ కులం ఉందని కాదు. అది పనిని బట్టి వచ్చిన వెలి, పుట్టుకని బట్టి కాదు. ఆ తేడా చెప్పే తీరాలి. కానీ తర్వాత జరిగింది చూడండి. 10వ అధ్యాయంలో పేతురుకి దర్శనం వచ్చింది ఆ ఇంటి మిద్దె మీదే. తినకూడనివన్నీ ఒక దుప్పట్లో దిగాయి. "కొయినోస్" అన్న గ్రీకు మాట అక్కడ కీలకం. దానికి మామూలు అర్థం అందరిదీ, ఉమ్మడిది అని. అందరిదీ అయినందువల్లే అది మైల అయింది. ఏ మనిషినీ అలా అనకూడదని పేతురు గ్రహించాడు. ఈ పాఠం నేర్చుకోవడానికి ఆయన దేవాలయంలో లేడు, తోళ్ల వాసన వచ్చే ఇంట్లో అన్నం తింటూ ఉన్నాడు. ఎన్ని గుళ్లలో దీన్ని "అన్యజనులకి సువార్త" అని మాత్రమే చెప్పారు! ఇంటి యజమాని పని గురించి ఎన్ని ప్రసంగాలు విన్నాం?

నాలుగు. కొల్లేటివాళ్లకి చెప్పాల్సింది. మార్కు "గలిలయ సముద్రం" అన్నదాన్ని లూకా సరస్సు అంటాడు. లూకాదే సరైన మాట. అది మంచినీటి చెరువు, సుమారు 166 చదరపు కిలోమీటర్లు. 1999లో +5 కాంటూరు దాకా అభయారణ్యంగా ప్రకటించిన మన కొల్లేరు 308 చదరపు కిలోమీటర్లు. యేసు శిష్యుల్ని పిలిచిన చోటు కొల్లేటిలో సగం ఉంటుంది. ఆ చెరువు మీద వలకీ, పడవకీ, చేపకీ పన్ను ఉండేదని, రోమా రాజ్యం కింద హేరోదు అంతిప పాలనలో వసూలు గుత్తకి ఇచ్చేవారని పరిశోధకులు అంటారు. కపెర్నహూము దగ్గర సుంకపు మెట్టు దగ్గర కూర్చున్న లేవీ ఆ ఏర్పాటులో మనిషి. జెబెదయి పడవలో "మిస్థోతోయి" ఉన్నారు. తెలుగు బైబిల్ వాళ్లని జీతగాండ్రు అంది. ఇక్కడ అనువాదం మన నోటిమాటని పట్టుకుంది. కొడుకులు యేసు వెంట వెళ్లారు, జీతగాళ్లు పడవలోనే ఉండిపోయారు. వాళ్ల పేర్లు రాయలేదు.

కొల్లేటిలో ఏం జరిగింది? 1970ల నుంచి వడ్డీలకి, దళితులకి సొసైటీల పేరుతో చెరువులు ఇచ్చారు. తవ్వకానికి, మేతకి, పిల్లకి పెట్టుబడి లేదు. లీజుల మీద అవి బయటి పెట్టుబడిదారుల చేతుల్లోకి పోయాయి. 2002లో రాంసార్ గుర్తింపు వచ్చింది. 2006లో ప్రభుత్వం గట్లు పగలగొట్టింది. లాభం తిన్నవాడు వేరేచోట చెరువు తవ్వుకున్నాడు, కాగితం మీద సభ్యుడైనవాడు కూలికి పోయాడు. ఈ కథ తెలిసినవాడికి మార్కు మొదటి అధ్యాయం ఇంకోలా కనపడుతుంది. లేవీయకాండపు 25వ అధ్యాయం కూడా.

"దల్" అన్న వేరు

దళిత వేదాంతం ఈ పనిని 1980లలో మొదలుపెట్టింది. 1981లో బెంగుళూరు యునైటెడ్ థియలాజికల్ కాలేజీలో అరవింద్ నిర్మల్ శూద్ర వేదాంతం గురించి మాట్లాడాడు. తర్వాత మద్రాసు గురుకుల్‌లో దళిత వేదాంతాన్ని పాఠ్యంగా నిలబెట్టాడు. ద్వితీయోపదేశకాండం 26వ అధ్యాయంలోని అరామీయ తండ్రి మాట ఆయనకి ఆధారం. అక్కడి హెబ్రీ మాట "ఒబేద్"కి దారితప్పినవాడు, నశించిపోయేవాడు అని రెండర్థాలూ ఉన్నాయి. మన తండ్రి ఎవరని అడిగితే రాజు కాదు, ఋషి కాదు, నశించిపోతూ తిరిగినవాడు అని చెప్పుకోవడమే ఆ విశ్వాసం. హైదరాబాద్ నుంచి కె. విల్సన్ 1982లో "ట్వైస్ ఏలియనేటెడ్" రాశాడు. హిందూ సమాజం ఒకసారి, సంఘం ఇంకోసారి దళిత క్రైస్తవుణ్ణి ఎలా పరాయివాణ్ణి చేశాయో చెప్పాడు. ఇది 1985 జులై 17 కారంచేడుకి ముందు. కారంచేడు, 1991 ఆగస్టు 6 చుండూరు తర్వాత ఆ ప్రశ్నలు వేదాంత కాలేజీ గోడలు దాటాయి. చచ్చినవాళ్లలో బైబిల్ పేర్లున్నవాళ్లు ఉన్నారు.

జేమ్స్ మాసీ ఇంకో మాట ఎత్తాడు. హెబ్రీలో "దల్" అంటే బలహీనుడు, చితికిపోయినవాడు. ఆమోసు ప్రవక్త "దల్లీం" అనే బహువచనం పదేపదే వాడాడు. సంస్కృతంలో "దళ్" అంటే చీలడం, పగలడం. మన సభల్లో ఇది విని "బైబిల్లోనే దళితుడున్నాడు" అని చప్పట్లు కొట్టాం. జాగ్రత్తగా ఉండాలి. హెబ్రీ, సంస్కృతం వేర్వేరు భాషాకుటుంబాలు. రెండు మాటలు ఒకేలా వినపడటం చుట్టరికానికి రుజువు కాదు. కానీ ఆమోసు చెప్పింది రుజువు చెయ్యడానికి చుట్టరికం అక్కర్లేదు. చితికినవాడు దానికదే చితకలేదు, చితకగొట్టినవాడు ఉన్నాడని ఆమోసు అన్నాడు. తెలుగులో "దరిద్రుడు", "బీదవాడు" అంటే ఆ చితకగొట్టినవాడు కనపడడు. అదీ మనం పట్టుకోవాల్సింది.

మూలభాష వైపు మన జనం నడిచిన ఇంకో దారి కూడా ఉంది. గుంటూరు జిల్లా చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెంలో కొన్ని మాదిగ కుటుంబాలు తాము ఇశ్రాయేలు తప్పిపోయిన తెగ ఎఫ్రాయిము సంతానమన్నారు. బెనె ఎఫ్రాయిము అని పేరు పెట్టుకుని 1991లో సినగాగు కట్టుకున్నారు. హెబ్రీ నేర్చుకున్నారు, సబ్బాతు పాటించారు. యులియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ వాళ్ల మీద 2013లో పుస్తకం రాశారు. వాళ్ల వంశచరిత్ర నిజమా అన్న ప్రశ్న చరిత్రకారులది. మనకి ఇంకో ప్రశ్న ఉంది. ఊరు తనకిచ్చిన చరిత్రని కాదని, పుస్తకంలో తన చరిత్ర వెతుక్కోవడానికి ఒక మాదిగ రైతుకూలీ పరాయి లిపి ఎందుకు నేర్చుకున్నాడు? నవ్వేముందు ఆ ఆకలిని అర్థం చేసుకోవాలి. ఆ ఆకలిని మన సంఘాలు తీర్చలేదు.

సర్టిఫికెట్ సంగతి

ఇక అందరికీ తెలిసినా ఎవరూ రాయని సంగతి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం షెడ్యూల్డు కులస్థుడు హిందువై ఉండాలి. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవుణ్ణి చేర్చలేదు. మన రాష్ట్రంలో క్రైస్తవం తీసుకున్న ఎస్సీలకి బి.సి. సి గ్రూపు కింద ఒక్క శాతం ఇచ్చారు. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ మతం షరతు తీసెయ్యాలంది. 2022లో బాలకృష్ణన్ కమిషన్ వేశారు.

దీనికీ బైబిల్ చదువుకీ ఏమిటి సంబంధం? వేదాంత కాలేజీలో చేరాలంటే బాప్తిస్మం సర్టిఫికెట్, సంఘం సిఫార్సు ఉత్తరం కావాలి. బి.డి. పట్టా జీవితాంతం సాక్ష్యంగా మిగులుతుంది. అందుకే ఇంట్లో తెలివైన పిల్లవాణ్ణి తల్లిదండ్రులు అటు పంపరు, పిల్లల భవిష్యత్తు పోతుందని. హిందువని రాయించుకుని ఇంజనీరింగు చదివేవాడు ఆదివారం గుళ్లో వెనకబెంచీలో కూర్చుంటాడు. విశ్వాసం అనేది కాగితం మీద దాచుకోవాల్సిన సంగతయింది. మన వాడల్లో మూలభాషలు చదివినవాళ్లు తక్కువగా ఉండటానికి తెలివితక్కువ కారణం కాదు. ఆ చదువుకి రాజ్యం పెట్టిన వెల కారణం. ఈ వెల రెడ్డి, కమ్మ క్రైస్తవుడు కట్టనక్కర్లేదు.

లోపలి గోడలు కూడా చెప్పుకోవాలి. మాల గుడి, మాదిగ గుడి అని వేరుగా కట్టుకున్న ఊళ్లు మన చుట్టూ ఉన్నాయి. పేతురు తోళ్ల సీమోను ఇంట్లో తిన్న సంగతి మాదిగలకి మాత్రమే ఉపయోగపడేది కాదు, మాలల్ని ప్రశ్నించేది కూడా. ఆడవాళ్ల సంగతీ అంతే. ఆదికాండం 16వ అధ్యాయంలో హాగరు దాసి. బైబిల్లో దేవుడికి మొదట పేరు పెట్టింది ఆ దాసే: "ఎల్ రోయి", చూసే దేవుడు. 2013లో నంద్యాలకి సి.ఎస్.ఐ. మొదటి స్త్రీ బిషప్పు వచ్చింది. మన మహిళా కూడికల్లో కీర్తన పాడేది, గుడి ఊడ్చేది, కానుక ఎక్కువగా ఇచ్చేది స్త్రీలే. వాళ్లలో ఎంతమందిని హెబ్రీ నేర్చుకోమని పంపాం?

ఏం చెయ్యాలి?

కోట్లు అక్కర్లేదు. ఏలూరులోనో తాడేపల్లిగూడెంలోనో వారానికి రెండు సాయంత్రాలు ఒక గది చాలు. హెబ్రీ అక్షరాలు ఇరవై రెండు, గ్రీకు అక్షరాలు ఇరవై నాలుగు. యాభై దాటిన మన వర్ణమాల నేర్చిన పిల్లలకి ఇవి లెక్కలోవి కావు. వ్యాకరణం తెలుగులో, విభక్తుల పేర్లతో రాసుకోవాలి. మన కాలేజీల్లో చదువుకున్న పాదిరీలు ఆ పని చెయ్యగలరు. వాళ్లని అడగాలి, మొహమాటం లేకుండా అడగాలి. ఉపాధ్యాయులు, విద్యార్థి సంఘాలవాళ్లు, బౌద్ధం తీసుకున్నవాళ్లు, ఏ మతమూ లేనివాళ్లు కూడా రావచ్చు. "ఎక్లెసియా" అంటే అసలర్థం ఊరి పౌరుల సభ. మనం దాన్ని సంఘం అన్నాం. కూలి సంఘాన్నీ సంఘమే అంటాం. ఆ రెండు సంఘాల మధ్య తలుపు తీసి ఉంచాలి.

ఒకప్పుడు వేదం వింటే చెవిలో సీసం పొయ్యమన్నారు. తర్వాత పుస్తకం చేతికిచ్చి, దాని లోపలి తాళంచెవి తమ దగ్గర ఉంచుకున్నారు. సీసం పోసినవాడూ తాళంచెవి దాచుకున్నవాడూ ఒకటే అనను. రెండోవాడు మనకి అక్షరం నేర్పాడు. ఆ అక్షరంతోనే ఇప్పుడు తాళంచెవి అడుగుతున్నాం. ముందుగా మన పిల్లల పేర్లకి అర్థం మన పిల్లలకి చెబుదాం. దానియేలుని "దానియేలుగా" అన్నవాడికి ఆ పేరుకి అర్థం ఏమిటో దానియేలే చెప్పగలగాలి.